పదకొండో ఆకు

బండి అనే మాటను ఆ చక్రాల కొట్టంలో ఆషామాషీగా వాడటానికి వీల్లేదు. ఎవరైనా స్కూటరు ఆపి "మేస్త్రిగారూ, బండి ఇక్కడ పెట్టొచ్చా?" అంటే, పెద్దమేస్త్రి చేతిలోని ఉలి కింద పెట్టి, ఆ స్కూటరు ముందూ వెనకా తేరిపార చూసేవాడు. "దీన్ని లాగే ప్రాణి ఏదయ్యా?" అనేవాడు. ఆయన లెక్కలో ప్రాణి లాగితేనే బండి, తక్కినవన్నీ వట్టి యంత్రాలు. మరి రైలుబండి మాటేమిటని కూతురు ఓసారి ఎదురడిగితే, "పాపం, అది పేరు మన దగ్గర అరువు తీసుకుంది" అన్నాడు.

ఆ పట్టుదలకు కారణం లేకపోలేదు. "యంత్రానికి తేడా వస్తే గోలపెడుతుంది. గుర్రం నోరు విప్పదు. చక్రం చెడ్డదైతే ఇంకాస్త బలంగా లాగుతుంది, అంతే. అందుకే మనమే ముందు వినాలి" అనేవాడు. వినడమంటే నిజంగా వినడమే. చక్రం గడప దాటేముందు ఆయన చిన్న సుత్తితో ఒక్కో ఆకునీ, అంటే నడిమి దిమ్మ నుంచి అంచుదాకా వెళ్ళే ఒక్కో కర్రనీ, కొట్టి వింటాడు. గట్టి ఆకు టంగుమంటుంది. లోపల చీలినది టప్పుమంటుంది. నలభై ఏళ్ళలో ఆయన "వెళ్ళొచ్చు" అన్న చక్రం ఒక్కటీ దారిలో విరగలేదు. ఆ సంగతి అందరూ చెప్పుకునేవారు. వాళ్ళు మరిచిపోతే ఆయనే గుర్తుచేసేవాడు.

కూతురు పదిహేనేళ్ళుగా ఆయన పక్కనే పని నేర్చి, ఇప్పుడు సగం ఆకులు తనే చెక్కుతోంది. ఆయన చెక్కినదాని మీద రెండు గాట్లు, ఆమె చెక్కినదాని మీద ఒకటి. సుత్తిని మాత్రం ఆయన ఎవరి చేతికీ ఇవ్వలేదు.

ఆ ఉదయం కొత్త చక్రం కోసం జట్కాబండి తోలే మీసాలాయన ఒకడు వచ్చాడు. అతని మీసాలకు ఒక సింగారం, గుర్రానికి దానికి రెట్టింపు. స్టేషను నుంచి ప్రయాణికుల్ని ఎక్కించుకుని ఏటవాలు దారిన దింపడం అతని పని.

"త్వరగా కానివ్వండి మేస్త్రిగారూ, రైలొచ్చే వేళైంది."

కూతురు చక్రాన్ని నిలబెట్టి పట్టుకుంది. తండ్రి కొట్టుకుంటూ వచ్చాడు. పది ఆకులు టంగుమన్నాయి. పదకొండోది టప్పుమంది. ఆయన చెయ్యి ఆగలేదు. పన్నెండోది కూడా కొట్టి, "వెళ్ళొచ్చు" అన్నాడు.

ఆయన చెవుల మీద ఆమెకు ఆర్నెల్లుగా అనుమానంగానే ఉంది. ఎవరు మాట్లాడినా ఆయన పెదవుల వంకే చూస్తున్నాడు. మెల్లగా మాట్లాడితే "తిండి తినలేదా?" అని కసురుతున్నాడు. ఇప్పుడు నిజం చెబితే ఆయన నలభై ఏళ్ళ పేరు మీసాలాయన నోట్లో పడుతుంది, ఆ నోరేమో ఊరుకునే రకం కాదు. చెప్పకపోతే ఏటవాలులో బండెడు మనుషులు, నోరులేని గుర్రం. పదకొండో ఆకు వంక చూసింది. రెండు గాట్లు.

వాటి మీద బొటనవేలు అడ్డం పెట్టి, తండ్రి ముఖంలోకి తిరిగి గట్టిగా అంది. "నాన్నా, ఇది చీలింది. నేను చెక్కిందే. తొందరలో పచ్చికర్ర వాడినట్టున్నాను."

మీసాలాయన పకపకా నవ్వాడు. "అనుకున్నాలే! మేస్త్రిగారి చేతికీ నీ చేతికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా."

తండ్రి ఇద్దరి పెదవులూ చదివాడు. వంగి, కూతురి బొటనవేలు పట్టి పక్కకు జరిపాడు. గాట్లను తడిమాడు. చెవి ఆనించి ఆ ఆకును మళ్ళీ కొట్టాడు, ఇంకోసారి కొట్టాడు. ముఖం వాడిపోయింది.

"ఇది నాదయ్యా," అన్నాడు. "చెక్కింది నేను, చీలిందని వినలేకపోయిందీ నేనే. నా చెవులు పోయాయి. ఆర్నెల్లుగా దాస్తున్నాను."

"అయ్యో, అంత మాటెందుకు మేస్త్రిగారూ..."

"నువ్వాగు. నా తప్పు తన నెత్తిన వేసుకుంటోంది చూడు! అబద్ధమాడటం ఒక్కటే దీనికి నేర్పలేదు. పచ్చికర్ర ఈ గడప తొక్కదని దీనికి తెలీదూ?" సుత్తి కూతురి చేతిలో పెట్టాడు. "ఈ ఆర్నెల్లలో నేను పంపినవన్నీ వెనక్కి పిలిపిస్తాను. నువ్వు విను, అమ్మలూ."

"మరి నా రైలో?" అన్నాడు మీసాలాయన.

"దానికేం, యంత్రం! రేపూ వస్తుంది."

మధ్యాహ్నానికల్లా ఆమె చక్రం అంచు చుట్టూ ఉన్న ఇనప పట్టా ఊడదీసి, కొత్త ఆకు దిగ్గొట్టి, పట్టాను ఎర్రగా కాల్చి ఎక్కించి నీళ్ళు పోసింది. చక్రం బుసకొట్టి బిగిసింది. ఈసారి పట్టుకున్నది తండ్రి. ఆమె పన్నెండు ఆకులూ కొట్టింది. ఆయన చక్రాన్ని చూడలేదు, ఆమె పెదవుల్నే చూస్తూ నిలబడ్డాడు.

"వెళ్ళొచ్చు," అంది ఆమె.

మీసాలాయన ఇంకా ఆయన మాట కోసమే ఎదురుచూస్తున్నాడు. పెద్దమేస్త్రి వీధి చివరిదాకా వినబడేలా కేకేశాడు.

"ఏమోయ్, చెవుడా? మా మేస్త్రి వెళ్ళొచ్చంది!"