గొలుసు మీద తెల్ల చుక్క

కోడలు గీసే తన బొమ్మ అచ్చం తనలా లేకపోతే కుంచెలు అటకెక్కించి, మధ్యాహ్నాలు అంగట్లో కూర్చోవాలి. అత్త అన్నపూర్ణమ్మ పెట్టిన షరతు అది. మాధురి సరేనని, అత్తను ఎదురుగా కూర్చోబెట్టి గీయడం మొదలుపెట్టింది.

ప్రొద్దుటూరులో వాళ్లది బంగారు అంగడి. వెనక వీధిలో ఆర్షియా దగ్గర మాధురి ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుంటోంది. అత్త ముఖం దాదాపు కుదిరింది. కళ్ల కింద సంచులు, కోపమొస్తే బిగుసుకునే పై పెదవి, అన్నీ ఆమెవే. గొలుసు దగ్గరే చిక్కొచ్చింది. బంగారం వాళ్లింటి కోడలు కదా, బంగారు పూత డబ్బా కొనుక్కొచ్చి గొలుసంతా పూసేసింది. గొలుసు ధగధగలాడింది. ముఖం వెలవెలబోయింది.

ఆర్షియా నెత్తి కొట్టుకుంది.

"ఏందక్కా ఇది? అత్తను గీయమంటే అంగడి గీసినావు. ముఖం యాడుంది? అదంతా గీకెయ్. మట్టిరంగు పూసి, అంచుకు పసుపు తాకించు. వెలుగు పడే కాడ ఒక్క తెల్ల చుక్క. అంతే."

"మా అత్త మెడలో మట్టా!" అంది మాధురి. కల్తీ చేస్తున్నట్టే అనిపించింది. అయినా పూసింది.

సాయంత్రం బొమ్మను ఇంటికి తెచ్చి, హాల్లో కుర్చీకి ఆనించి నిలబెట్టింది.

"ఎన్ని క్యారెట్లు మే ఇది?" అని నవ్వాడు భర్త రాఘవేంద్రప్రసాద్.

అన్నపూర్ణమ్మ నవ్వలేదు. ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూసింది.

"నాకు రాగి గొలుసేసినావా? బజార్లో మన పరువేం గాను?"

"ఆ వాకిలి కాడికి పోయి చూడత్తా."

గొణుక్కుంటూ వెళ్లింది. వెనక్కి తిరిగి చాలాసేపు చూసింది. మళ్లీ దగ్గరికొచ్చి, ఎవరో అమ్మడానికి తెచ్చిన నగను పరీక్షించినట్టు బొటనవేలితో గొలుసును గట్టిగా రుద్దింది.

"అత్తా, తడి!" అని మాధురి అరిచేలోపే గొలుసు కాస్తా బొమ్మలో రవిక మీదికి పాకింది.

అన్నపూర్ణమ్మ వేలు చూసుకుంది.

"వట్టి మట్టే" అంది.

మాధురి తుడవడానికి గుడ్డ అందుకోబోయింది.

"ఆడ్నుంచి చూస్తే మాత్రం మా అమ్మ పెట్టిన గొలుసే. ఆ బిగేసిన మూతి గూడా నాదే. శానా గమనించినావు మే నన్ను!"

వేలు చీరకు తగలకుండా ఎత్తి పట్టుకుని కొడుకు వైపు తిరిగింది.

"చెడగొట్టింది నేనే గదా, రేపు మళ్లా బొమ్మకు కూర్చుంటా. నువ్వు అంగట్లోకి ఇంకొకర్ని చూసుకోప్పా."