గుర్తుతెలియని వ్యక్తులు

పెద్ద మామాను, ఆ అరబ్బు ఇంటి ముసలామెను, కుడి పక్కకు తిప్పి, వీపు కింద దిండు దోపి, తడిసిన దుప్పటి లాగేసరికి రెడ్డెమ్మకు నడుము పట్టేసింది. పొద్దున్నుంచి ఇది మూడో దుప్పటి. బయట ఎండకు గోడలు కాలిపోతున్నాయి, లోపల ఏసీ చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఈ రెండింటి మధ్య ఒళ్లు ఎప్పుడో మొద్దుబారింది. నొప్పి ఉన్నట్టు తెలుస్తుంది గాని, అది తనదేనా అనిపిస్తుంది.

మధ్యాహ్నం మాత్రల వేళయింది. బల్లమీది డబ్బాల్లో ఒకటి తీసి ఫోను ముందు పట్టుకుంది. ఫోను ఆడగొంతుతో తెలుగులో చెప్పింది: "రక్తపోటు మాత్ర. రోజుకు ఒకటి. మధ్యాహ్నం. తిన్నాక."

డబ్బామీద ఉన్నవి అరబ్బీ, ఇంగ్లీషు. రెడ్డెమ్మ చదువు రాయచోటి పక్క పల్లెలో మూడో తరగతి. అరబ్బీ మాట్లాడటం వంటింట్లో దానంతటదే వచ్చింది. చదవడం నేర్పే తీరిక ఎవరికుంది? ఆమెకు ముందు ఈ ఇంట్లో చేసిన శ్రీలంక మనిషి రాత్రి మాత్ర పగలు వేసిందట. ముసలామె రెండు రోజులు కళ్లు తెరవలేదట. ఆ మనిషిని పోలీసు స్టేషన్ నుంచి అటే విమానం ఎక్కించారట. వచ్చిన కొత్తలోనే డ్రైవరు అల్లాబకష్ ఇదంతా చెప్పి పెట్టాడు. అప్పట్నుంచి మాత్ర పట్టుకుంటే చాలు, రెడ్డెమ్మకు ఆ శ్రీలంక మనిషే గుర్తొచ్చేది. ఫోనులోకి ‘చదివిపెట్టు’ యాప్ వచ్చాకే ఆ భయం పోయింది.

దాన్ని ఆమె కొనలేదు, ఎవరూ అమ్మలేదు. నెట్ లేకున్నా పనిచేస్తుంది. సబ్హాన్‌లో గోదాములో పనిచేసే శివకుమార్ ఒక శుక్రవారం ఎక్కించి ఇచ్చాడు. రాయచోటి వైపు అబ్బాయే. ఎక్కడెక్కడివాళ్లో తీరిక దొరికినప్పుడు తయారుచేసి, లోపలి రాతంతా అందరికీ కనపడేట్టు పెట్టారనీ, తప్పుంటే ఎవరైనా దిద్దవచ్చనీ, దీన్ని ఓపెన్ సోర్స్ అంటారనీ చెప్పాడు. రెడ్డెమ్మ ఆ పేరు అప్పుడే మరిచిపోయింది. మరవనిది వేరే ఉంది. మొదట్లో ఆ గొంతు ‘భోజనానంతరం’ అనేది. ఒక సెలవు రోజు మహబూలాలో, తనలాగే ఇళ్లలో పనిచేసే కొమురక్క గదిలో నలుగురు ఆడవాళ్లు కూచుని అన్నం తింటుండగా ఆ మాట వినపడింది.

"ఎవురప్పా ఈయమ్మ, పురాణం సెప్తాంది. తిన్నాక అంటే నోరు పడిపోతాదా?" అంది రెడ్డెమ్మ.

అందరూ నవ్వారు. అక్కడే ఉన్న శివకుమార్ నవ్వుతూనే ఆ మాట యాప్ తయారుచేసినవాళ్లకు పంపించాడు. కొన్నాళ్లకు ఫోను ‘తిన్నాక’ అంది. మాటలు దిద్దినవాళ్ల పేర్లు ఉండేచోట తన పేరు కూడా ఉంటే రెడ్డెమ్మ కూడబలుక్కుని చదువుకుంది. రేషన్ కార్డు మీద, పాస్‌పోర్టు మీద, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు మీద తప్ప ఆమె పేరు అంతవరకు ఎక్కడా అచ్చుపడలేదు.

ముసలామె నోట్లో మాత్ర వేసి నీళ్లు పడుతుండగా ఇంటి యజమానురాలు మామా వచ్చింది. మామా చెడ్డదేం కాదు. బడిలో టీచరు. నెల తిరిగేసరికి నూట ఇరవై దీనార్లు చేతిలో పెడుతుంది, గొంతు పెంచి మాట్లాడదు. ఆమె చేతిలో వారం కిందటి పత్రిక ఉంది. అందులో ఆకుపచ్చ పిట్ట బొమ్మ, రెడ్డెమ్మ ఫోనులో ‘చదివిపెట్టు’ గుర్తుగా ఉండే పిట్టే. ఇది దొంగ అని మామా చెప్పింది. పనివాళ్ల బ్యాంకు డబ్బులు దోచేస్తోందట, ఇంట్లో మాటలు కూడా ఎటో పోతాయట. సాయంత్రం నమాజుకు లేచేలోగా తీసెయ్యమని, పత్రిక అక్కడే పడేసి పడుకోవడానికి వెళ్లింది.

రెడ్డెమ్మ పత్రిక మీద ఫోను పట్టుకుంది.

"ఉచిత యాప్‌తో ప్రవాసుల ఖాతాలు ఖాళీ," అని మొదలుపెట్టింది ఫోను. "దీనిని తయారుచేసినది గుర్తుతెలియని వ్యక్తులు. లోపలి రాత అందరికీ అందుబాటులో ఉన్నందున దొంగల పని తేలికైంది. మూడు వందల దీనార్లు పోగొట్టుకున్న ఒక పనిమనిషి..."

తన మీద పడ్డ నేరాన్ని అది ఎక్కడా తడబడకుండా, ఒక్క ముక్క మింగకుండా, మాత్ర పేరు చెప్పినట్టే చెప్పింది.

ఆ పనిమనిషి ఎవరో రెడ్డెమ్మకు తెలుసు. డబ్బు పోయిన కొమురక్కకే ఫోను చేసింది. జగిత్యాల మనిషి, దేన్నయినా నిలదీసే మనిషి, ఆ రోజు మాత్రం అలిసిన గొంతుతో మాట్లాడింది.

"నేను పేపరాయనకు చెప్పిన రెడ్డెమ్మా. గా ఫోన్ల దుకాణపోడు ఫుల్‌ది అని మూడు దినార్లు తీస్కొని నకలుది ఎక్కిచ్చిండు, పైసలు మింగింది గదే అని రెండు మాట్ల చెప్పిన. పేపరాయన ఊఁ ఊఁ అన్నడు. రాసేకాడ దుకాణం మాటే లేదు. గా కాయితం ఎనుకకు మలిపి సూడు."

రెడ్డెమ్మ తిప్పి చూసింది. సగం పేజీ నిండా కొత్త ఫోన్లు, నవ్వుతున్న కుటుంబం, ఆ దుకాణం ఎర్ర గుర్తు. ఊళ్లో ప్రతి సందు చివరా కనపడే గుర్తు.

శివకుమార్ ఫోను ఎత్తేసరికి వెనక లారీల చప్పుడు వినపడింది. యాప్ తయారుచేసినవాళ్లు పత్రికకు మూడుసార్లు రాశారట. చూస్తామన్నారట. అది దొంగది కాదని, దాని వేషం వేసుకున్నది దొంగదని ఎంత చెప్పినా, ఎవరైనా తీసుకుని మార్చుకునేదే కదా, మీదే తప్పు అన్నారట. ఈలోగా మంగఫ్‌లో వాళ్లుండే క్యాంపు సూపర్‌వైజరు అందరి ఫోన్లూ తెరిపించాడు.

"నేనూ తీసేసినాక్కా," అన్నాడు.

"నువ్వే తీసేస్తే ఎట్లప్పా?"

"ఏం సేసేది. వీసా ఇచ్చిన కఫీలే పేపర్ సూపించి మరీ సెప్పినాడు."

రెడ్డెమ్మ దుప్పటి కొస పిండింది. "గుర్తు తెలీనోళ్లంట, శివా. నా పేరుంది గదా అందులో. నేనెవరో నీకు తెలీదా?"

అతను గొంతు తగ్గించి అన్నాడు: "పేరుండాదని ఎవురికీ సెప్పొద్దక్కా. ఇఖామా మీదికొస్తాది."

నమాజు ముగించుకొని మామా వచ్చి చెయ్యి చాపింది. ఫోను తీసుకుని పిట్టను వేలితో నొక్కి పట్టింది. పిట్ట వణికింది. మరుక్షణం అక్కడ ఖాళీ. "ఖలాస్," అని ఫోను తిరిగిచ్చేసింది. డబ్బాల మీద రంగు కాగితాలు తానే అంటించింది: పొద్దునకు ఎరుపు, మధ్యాహ్నానికి పసుపు, రాత్రికి నీలం. బడిపిల్లలకు చెప్పినట్టు ఓపికగా చెప్పింది. రెడ్డెమ్మ తలూపింది. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. దుప్పటి తీసి ఉతకడానికి వెళ్లింది.

రంగులతో కొన్నాళ్లు నడిచింది.

ఒక సాయంత్రం అల్లాబకష్ ఆసుపత్రి నుంచి కొత్త మందుల సంచి తెచ్చాడు. లోపల రెండు డబ్బాలు, రెండూ కొత్తవే. కంపెనీ మారిందో, మోతాదే మారిందో. దేనిమీదా రంగు లేదు. విప్పి చూస్తే రెండింట్లోనూ తెల్లటి గుండ్రటి మాత్రలే, కవల పిల్లల్లా. రెడ్డెమ్మ అలవాటుగా ఫోను తీసి, మళ్లీ కొంగులో పెట్టుకుంది. రెండు డబ్బాలనూ పక్కపక్కన పెట్టి చూసింది.

మామా ఎవరిదో పెళ్లికి వెళ్లడానికి తయారై, అత్తరు పూసుకుంటూ గుమ్మంలో ఆగింది. సంచి దూరం నుంచే చూసింది. పాతవే, పేరు మారిందంతే, రాత్రిది వేసి పడుకోబెట్టు, యల్లా, తొందరగా, అంది. బయట కారు హారన్ మోగింది.

ఈ ఇంట్లో రెడ్డెమ్మ ఎరిగిన జవాబులు రెండే. సరే మామా. ఇన్షా అల్లా మామా. ఇన్నేళ్లుగా ఆ రెంటితోనే అన్ని పనులూ గడిచాయి.

"లా, మామా," అంది. కుదరదు మామా, అని.

గొంతు పెద్దది కాలేదు. సరిగా విన్నానా అని మామా చెవిపోగు సర్దుకుంటున్న చెయ్యి ఆపి చూసింది. రెడ్డెమ్మ వంటింటి అరబ్బీ అంతా కూడగట్టుకుని చెప్పింది: చదివే దాన్ని నువ్వు తీసేసినావు. ఇప్పుడు నువ్వు చదువు. చదివి నాకు చెప్పు. చదవకుండా నేను ఈమె నోట్లో ఏమీ వెయ్యను.

చెప్పి, రెండు డబ్బాలూ మామా చేతుల్లో పెట్టింది.

మామా ఒక డబ్బాను దీపం దగ్గరికి పట్టుకుంది. అక్షరాలు ఆవగింజలంత ఉన్నాయి. దూరంగా పట్టుకుంది, దగ్గరికి తెచ్చుకుంది. కళ్లద్దాలు కింద గదిలో ఉన్నాయి. హారన్ మళ్లీ మోగింది. మామా కారు కోసం కదల్లేదు, అద్దాల కోసం కిందికీ వెళ్లలేదు.

నీళ్ల గ్లాసు చప్పుడు విన్న ముసలామె మాత్ర వస్తుందనుకుని నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉంది. రెడ్డెమ్మ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడింది.