మడిచినవాడే దూకాలి

మా బావగారు స్వహస్తాలతో సర్దిన చివరి సంచి మా అక్క పడకగదిలో, తలుపుకు ఎడమవైపున్న పొట్టి స్టూలు మీద, ఎనభై తొమ్మిది రోజులు కదలకుండా కూర్చుంది. ముదురాకుపచ్చ కాన్వాసు సంచి అది. అందులో ఏమున్నదో ఇంట్లో అందరికీ తెలుసు: అక్క ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసిన బట్టలు. ఆమె గుండెలో ఒక కవాటం సన్నబడిందనీ, శస్త్రచికిత్స చేసి మార్చక తప్పదనీ వైద్యుడు తేదీ నిర్ణయించిన నాటి సాయంత్రమే బావగారు దానిని సర్దిపెట్టారు. ఆ తేదీ రాకముందే, పదకొండో రోజు ఉదయం, గుండ్రాయిలాంటి మనిషని అందరూ అనుకున్న ఆయనే కుర్చీలో కూర్చుని పత్రిక చదువుతూ చదువుతూ కన్నుమూశారు. సర్దినవారు వెళ్ళిపోయారు, వెళ్ళవలసిన మనిషి కదలనని భీష్మించింది.

"విప్పితే ఆయన చేతి మడత పోతుందిరా. మళ్ళీ ఎవరు పెడతారు?" అనేది ఆమె.

బుధవారం నాడు మేనకోడలు ఫోను చేసింది. "మామయ్యా, వచ్చే సోమవారమే ఆఖరు అన్నాడు డాక్టరు. ఇంకా సాగదీస్తే ఆపరేషన్ తట్టుకునే ఓపిక గుండెకే ఉండదట. నేను చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది. నువ్వొచ్చి నాలుగు మంచి మాటలు చెప్పు."

నా మంచి మాటలు అక్క పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఒక్కటీ విన్నది లేదు. అయినా మరునాటి మొదటి బస్సు ఎక్కాను. కిటికీ పక్కన కూర్చున్నంతసేపూ బావగారే కళ్ళలో మెదిలారు.

ఆయన ఇరవై నాలుగేళ్ళు సైన్యంలో పనిచేశారు. ఆ కాలమంతా ఆయన చేతికి తుపాకీ కన్న గుడ్డే ఎక్కువ పరిచయం. విమానాలనుంచి దూకే సైనికుల పారాషూట్లు మడవడం ఆయన ఉద్యోగం. ఆయన మాత్రం వాటిని గొడుగులనేవారు. పెళ్ళయిన కొత్తలో నేను వేళాకోళమాడేవాణ్ణి: "తుపాకీ పేల్చని సిపాయి లోకంలో మీరొక్కరే బావగారూ!"

"ఏం చేస్తాం బామ్మర్దీ! పేల్చేవాళ్ళు ముందు కిందికి దిగాలి కదా" అనేవారు, నవ్వకుండా.

కుటుంబాలను అనుమతించిన ఒక రోజున ఆ మడతశాలను కళ్ళారా చూసే భాగ్యం నాకు కలిగింది. వీధంత పొడుగు గది. ఈ చివరనుంచి ఆ చివరకు నున్నని బల్లలు. దుమ్ము పడకూడదని చెప్పులు వాకిట్లోనే విప్పించారు. గుళ్ళో అడుగుపెట్టినట్లు అప్రయత్నంగా నా గొంతు తగ్గింది. బల్లమీద పరచిన తెల్లని గుడ్డను ఆయన పలక పలకగా మడుస్తూ, మడత జారకుండా ఒక్కొక్క మలుపు మీద గుప్పెడు ఇసుక నింపిన చిన్న సంచిని బరువుగా పెడుతున్నారు. మడత పూర్తికాగానే ఆ ఇసుక సంచులను ఒక్కొక్కటే తీసి, పైకి లెక్కపెడుతూ, గోడమీది చెక్కకు తగిలించారు. ఆ చెక్కమీద ప్రతి పనిముట్టు ఆకారమూ తెల్లరంగుతో గీసి ఉంది. ఏది లేకపోయినా దాని స్థానం బోసిగా కనిపిస్తుంది.

"ఒకటి లోపల ఉండిపోతే?" అన్నాను.

"గొడుగు విచ్చుకోదు" అన్నారు. అంతే.

ఒకసారి ఆ చెక్కమీద ఒక కొక్కెం కనబడలేదట. ఆ రోజు కట్టిన ఇరవై మూడు మూటలనూ విప్పించారాయన. పైఅధికారి కేకలు వేశాడు, ఈయన వినలేదు. ఇరవై మూడూ విప్పినా కొక్కెం దొరకలేదు. చివరకు అది ఆ అధికారి బల్ల సొరుగులోనే బయటపడింది. వీపు గోక్కోవడానికి ఆ అధికారే తీసుకుపోయి మరచిపోయాడట! ఈ కథను బావగారు వందసార్లు చెప్పి ఉంటారు. వందసార్లూ అక్క, "వీపు ఆయనది, దురద మీది" అని ముక్తాయించేది.

అక్కడి అసలు ధర్మం మరొకటి ఉంది. ప్రతి మూటకూ ఒక కార్డు ఉంటుంది. మడిచినవాడు దానిమీద తేదీ వేసి సంతకం చేస్తాడు. అధికారి ఏనాడైనా వచ్చి, ఏ మూటనైనా చూపి, "ఇది నువ్వే తగిలించుకుని దూకు" అనవచ్చు. అన్నాడా, దూకవలసిందే. మడిచినవాడే దూకాలి. బావగారు అలా పందొమ్మిదిసార్లు దూకారు. ఎత్తు మేడ ఎక్కి కిందికి చూస్తే కళ్ళు తిరిగే మనిషి!

ఉద్యోగం విరమించాక డేరాలూ తెరలూ కుట్టే దుకాణంలో పనికి కుదిరారు గాని, మడతశాల ఆయనతోనే ఇంటికి వచ్చేసింది. వంటగది పక్క గోడకు అలాంటి చెక్కే ఒకటి బిగించుకున్నారు. ఇసుక సంచులు అయిదు కుట్టుకున్నారు. ఉతికిన దుప్పటి మడవడానికి ఆయనకు భోజనాల బల్ల ఖాళీ చేసి ఇవ్వాలి. కూరగిన్నె చేత్తో పట్టుకుని నిలబడి అక్క విసుక్కునేది: "దుప్పటి కట్టుకుని ఎవరూ మేడమీంచి దూకరు గానీ, కాస్త జరగండి!"

"దూకకపోతేనేం, కప్పుకునేది నా పిల్ల కాదూ?"

ఆ పిల్ల బడిసంచిని పదేళ్ళపాటు ప్రతి సాయంకాలమూ ఆయనే సర్దారు. లోపలి జేబులో చిన్న కార్డు, దానిమీద సంతకం. ఒకనాడు లెక్కల పుస్తకం మరచిపోయి పిల్ల తరగతి బయట నిలబడవలసి వచ్చింది. సంగతి తెలిసి ఈయన మరునాడు బడికి వెళ్ళి, "సంచి సర్దింది నేను, శిక్ష నాకు వేయండి" అని ఉపాధ్యాయురాలి ఎదుట చేతులు కట్టుకుని నిలుచున్నారు. పాపం, ఆమెకు నవ్వాలో లేవాలో తెలియలేదట. వీధివారు ఆయనకు 'మడతల సిపాయి' అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు వింటే ఆయన నొచ్చుకునేవారు కాదు; కాలరు సరిచేసుకునేవారు.

నేను వెళ్ళేసరికి అక్క మంచంమీద గోడకు చేరగిలి కూర్చుని ఉంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పెదవులు నల్లబడ్డాయి.

"వచ్చావా? దాని రాయబారివా?" అంది, కూతురి వైపు గడ్డంతో చూపిస్తూ.

"నిన్ను చూద్దామని వచ్చానే."

"చూశావుగా. కాఫీ తాగి వెళ్ళు."

మేనకోడలికి కోపం వచ్చింది. "చూశావా మామయ్యా! నాన్న సంచి ముట్టుకోవద్దంటుంది, వేరే సంచి సర్దుతానంటే వద్దంటుంది. ఆయన మడతలు ఉంటే చాలా నీకు? నాకు అమ్మ అక్కర్లేదా?"

అక్క చూపు స్టూలు మీది సంచి దగ్గరే ఆగిపోయింది. ఆ చూపులో ఉన్నది మొండితనం కాదనీ, భయమనీ అప్పుడు నాకు అర్థమైంది. సంచి ఒక సాకు. విప్పనంతకాలం ప్రయాణం లేదు. ప్రయాణం లేనంతకాలం భయం లేదు.

నేను లేచి వెళ్ళి స్టూలు ముందు నిలబడ్డాను. సంచి పక్కన కుట్టిన జేబులో కార్డు కనిపించింది. ముట్టుకోకుండానే వంగి చదివాను. బావగారి గుండ్రని దస్తూరీ: మడిచిన తేదీ, సంతకం. దాని కింద ఇంకొక వరుస: 'ఈ తేదీలోగా వాడనిచో విప్పి తిరిగి మడవవలెను.' పక్కన ఒక తేదీ. నాకు ఆ నియమం జ్ఞాపకం వచ్చింది. ఎంత బాగా మడిచిన గొడుగైనా మూడు నెలలు దాటితే నమ్మకూడదనేవారు. ఒకే మడతలో ఎక్కువకాలం ఉన్న గుడ్డ విచ్చుకోవడం మరచిపోతుందట.

"అక్కా, గడువు రేపటితో తీరిపోతుంది" అన్నాను.

"ఏం గడువు?"

"బావగారు వేసిందే. నీ కళ్ళతో చదువుకో."

కళ్ళజోడు పెట్టించుకుని చాలాసేపు చదివింది. "ఈ మనిషి పోయి కూడా నన్ను నిలవనివ్వడు" అని గొణిగింది. తరువాత కూతురితో, "భోజనాల బల్ల తుడువు. తడి లేకుండా తుడువు" అంది.

సంచిని నేను మోసుకొచ్చి బల్లమీద పెట్టాను. అక్క కుర్చీలో కూర్చుని బకిల్స్ తానే విప్పింది. పైన తువ్వాళ్ళు, వాటి కింద రెండు నూలుచీరలు, ఒక శాలువ. అంచుకు అంచు తప్పలేదు. ఒక్కొక్కటీ తీసి వాసన చూసి పక్కన పెట్టింది. శాలువ మడత విప్పినప్పుడు లోపలినుంచి ఏదో దబ్బున బల్లమీద పడింది.

ఇసుక సంచి!

ముగ్గురమూ ఒక్కసారిగా గోడమీది చెక్క వైపు చూశాము. అయిదు సంచుల ఆకారాలలో ఒకటి మూడు నెలలుగా బోసిగానే ఉంది. ఎవరో పోగొట్టారనుకున్నారు గాని, ఆయన పోగొట్టగలరని ఎవరికీ తట్టలేదు.

మడతలో జీవితకాలంలో ఆయన చేసిన తప్పు అది ఒక్కటే. ఆ సాయంత్రం ఇల్లాలిని కోతబల్ల మీదికి పంపవలసిన మనిషి, లెక్కపెట్టకుండానే మూట కట్టేశారు. పైకి మాత్రం, "ఏం కాదు, దోమ కుట్టినట్టుంటుంది" అని మాకందరికీ ధైర్యం చెప్పారు.

అక్క ఆ ఇసుక సంచిని అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది. మొదట నవ్వింది. మూడు నెలల తరువాత ఆ ఇంట్లో వినిపించిన నవ్వు. నవ్వుతూ నవ్వుతూనే కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

"ఇరవై మూడు మూటలు విప్పించిన మొనగాడు! నా మూటలో మరిచిపోయాడే..." అని, కాసేపటికి, "నాకంటే ఆయనే భయపడ్డాడురా" అంది.

"పందొమ్మిదిసార్లూ భయపడే దూకాడమ్మా" అంది కూతురు. "నాకొకసారి చెప్పాడు. నీతో చెప్పొద్దన్నాడు."

అక్క చీరను బల్లమీద పరిచింది. కూతురు సాయం చేయబోతే చెయ్యి పక్కకు నెట్టింది. "నువ్వాగు. ముప్ఫై ఎనిమిదేళ్ళు చూశాను, నాకు రాదా?" ఆయాసపడుతూ, మధ్యమధ్య ఆగుతూ, అంచుకు అంచు చేర్చి మడిచింది. మలుపు మలుపుకూ ఇసుక సంచి పెట్టింది. ఆయన మడతంత తిన్నగా రాలేదు. ఒక మూల వంకర పోయింది. అది చూసి మూతి ముడిచింది గాని విప్పలేదు. అన్నీ సర్దాక ఇసుక సంచులను పైకి లెక్కపెట్టింది: "ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు." కూతురు వాటిని తీసుకువెళ్ళి చెక్కకు తగిలించింది. బోసిగా ఉన్న చోటు నిండింది.

"కలం ఇటివ్వరా."

కార్డుమీద బావగారి సంతకం కింద ఆ నాటి తేదీ వేసి, తన సంతకం చేసింది. ఉత్తరాలకు తప్ప సంతకం పెట్టి ఎరగని చెయ్యి; అక్షరాలు కొంచెం పెద్దవిగా పడ్డాయి. తరువాత తలెత్తి నన్ను చూసింది. సంతకం చేసినవారికి ఆ మడతశాలలో ఏ ధర్మం వర్తిస్తుందో నేను గుర్తుచేయనక్కరలేకపోయింది.

"ఏమిటలా చూస్తావు? మడిచింది నేనేగా" అంది. కూతురి వైపు తిరిగి, "సోమవారం ఎన్నింటికి రమ్మన్నాడే మీ డాక్టరు?" అని అడిగింది.