ఎడమ పక్క గీతలు

ఇంతకీ ఈ చిన్న గీత నిన్న ఉందా లేదా, వెనక తలుపు పిడి కింద, వేలెడంత, గోరుతో లాగినట్టు, నిన్న సాయంత్రం మనవరాలిని బడి నుంచి తెచ్చి దింపినప్పుడు చూశాడు కదా, చూశాడా, చూశాననుకుంటున్నాడా, అదే మరి, ఈ మధ్య చూడడానికీ చూశాననుకోవడానికీ తేడా తెలియడం లేదు, రంగుల షెడ్డు మేస్త్రీ మాత్రం ఆ గొడవేమీ పట్టనట్టు తలుపు మీద అరచేత్తో తట్టి, పెద్దాయనా, ఈ బండి కొన్నప్పుడు నీలం, ఇప్పుడు ఎండకి వెలిసి ఇది ఏ రంగో దీనికే తెలీదు, గీతల మేరకే అద్దితే పాత చొక్కాకి కొత్త మాసిక వేసినట్టు కొట్టొచ్చినట్టు కనపడుద్ది, వేస్తే ఈ పక్కంతా వేయాలి, లేదంటే వదిలేయాలి, మీ ఇష్టం, అంటున్నాడు, ఇష్టమట, ఇష్టంగా ఎవడైనా ఇలాంటి చోటికి వస్తాడా, ఉద్యోగమంతా బస్సు నడిపి ఒక్క గీత పడకుండా దిగిపోయిన మనిషి, డిపోలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ, అందరికీ ఆయన ఉయ్యాల, ఉయ్యాల డ్యూటీ ఎక్కాడంటే జనం నిద్రపోయి దిగాల్సిన చోట దిగరని కండక్టర్లు గోల పెట్టేవాళ్ళు, అలాంటి ఉయ్యాల సొంత బండికి, కుడి పక్క చూస్తే కడిగిన గిన్నెలా ఉంటుంది, ఎడమ పక్కకి వస్తే పిల్లులు కొట్టుకున్నట్టు ఉంటుంది, అన్నీ ఎడమ పక్కే.

పొడుగు డ్రైవరుకీ ఎడమ పక్కే మొదలైంది, ఈయనతో పాటే ఉద్యోగంలో చేరినవాడు, ముందు పక్క అద్దం ఎక్కడో తగిలించుకొచ్చాడు, తర్వాత డిపో గోడకి రాసుకున్నాడు, అందరూ నవ్వారు, ఈయనా నవ్వాడు, ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది, ఎందుకంటే ఓ మధ్యాహ్నం నిండు బస్సుని ఆసుపత్రి స్టాపులో ఆపి, వెనక్కి తిరిగి, తర్వాత ఎటు వెళ్ళాలండీ, అని జనాన్ని అడిగాడట, ఎంతో మర్యాదగా అడిగాడట, కండక్టరు ఆ మాట చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు, అందుకే ఈయన రోజూ పక్క మీద పడుకుని తన పాత రూటు అప్పజెప్పుకుంటున్నాడు, డిపో, పాత సినిమా హాలు, మంచినీళ్ళ ట్యాంకు, మార్కెట్టు, పోస్టాఫీసు, పోస్టాఫీసు తర్వాత, పోస్టాఫీసు తర్వాత ఏదో ఉంది, రైలు గేటుకి ముందు, అక్కడ ముసలమ్మలు బుట్టలతో ఎక్కేవాళ్ళు, బుట్టలు గుర్తున్నాయి, ముసలమ్మలు గుర్తున్నారు, స్టాపు పేరు మాత్రం రావడం లేదు, కోడలు కూరలు తరుగుతూ పాట మర్చిపోతే నవ్వుకుంటుంది, తను స్టాపు మర్చిపోతే చెమటలు పడుతున్నాయి.

గీతలొక్కటే అయితే ఎలాగో సర్దిచెప్పుకునేవాడు, పాపిష్ఠి అద్దం ఒకటి, బండిలో నడిమి అద్దం, ముందురోజు తన చేత్తో తను సరిచేసుకున్న అద్దం, పొద్దున ఎక్కి చూస్తే రోడ్డుకి బదులు వెనక సీటు చూపిస్తుంది, సరే అని తిప్పుకుంటాడు, రెండ్రోజులకి మళ్ళీ అదే, తిప్పాననుకుని తిప్పడం లేదన్నమాట, పైగా మోకాళ్ళు స్టీరింగుకి తగులుతున్నాయి, వయసు మీద పడితే మనుషులు కుంచించుకుపోతారంటారు గానీ తనకేమిటో బండే కుంచించుకుపోతోంది, ఈ మాట ఎవరితో చెప్పుకుంటాడు, భార్యతో చెబితే ఆసుపత్రికి పద అంటుంది, ఆసుపత్రిలో ఏం చెబుతారో అదే కదా భయం, అందుకే ఒక కన్ను మూసి దుకాణాల బోర్డులు చదవడం, తర్వాత రెండో కన్ను మూసి చదవడం, అన్నీ బాగానే కనపడుతున్నాయి, మరి ఇంటి గేటు గడియ ఎందుకు కనపడలేదు, గడియ కొసన వెలిసిన నీలం రంగు అంటుకుని ఉంది, తనే చూశాడు, తగిలేది అక్కడేనని తెలిసిపోయింది, తగిలినట్టు తెలియనే లేదు, తగిలించడం ఎవడికైనా ఉంటుంది, తగిలినట్టు కూడా తెలియకపోవడం అంటే అది వేరే సంగతి.

మనవరాలు కూర్చునేది ఆ పక్కే, వెనక సీట్లో, కిటికీకి ముక్కు ఆనించి, తాతయ్యా ఆ లారీని దాటెయ్యి, తాతయ్యా ఆ కుక్కకి మన బండి ఇష్టం, అని ఆపకుండా వాగుతూ, ఆ గీతలకీ పిల్లకీ మధ్య ఉన్నది ఒక రేకు, అంతే, కాబట్టి నిన్న బడి దగ్గర వ్యాను డ్రైవరుని ఊరికే అడిగినట్టు అడిగాడు, ఒక పిల్లకి చోటుందా అని, ఉందన్నాడు, ఉందంటే సంతోషించాలి కదా, ప్రాణం ఉసూరుమంది, ఇక పొద్దున్నే ఆ వాగుడు వినేవాడు వ్యాను డ్రైవరు, ఇంకా నిర్ణయించలేదులే, ముందు రంగు, ఎడమ పక్కంతా కొత్తగా వేయించాలి, తర్వాత ఒక్క గీత పడినా తాళాలు కొడుకు చేతిలో పెట్టేయాలి, కొడుకేం చేసుకుంటాడు వాటిని, అమ్ముకుంటాడు, వాడికి నడపడం రాదు, ఈయనే నేర్పబోయాడు, క్లచ్చు, క్లచ్చురా, క్లచ్చంటే చెవికి వినపడదా, అని వీధి వీధంతా వినేలా అరిచాడు, కుర్రాడు నడిరోడ్డు మీద బండి ఆపి, దిగి, నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు, ఈనాటికీ ఆఫీసుకి బస్సులోనే వెళతాడు, జనమేమో బస్సు డ్రైవరు కొడుక్కి బస్సు మీద అభిమానం అనుకుంటారు.

రంగు వేయిస్తానంటే కోడలు, ఎందుకులెండి మామయ్యా, పాత బండికి ఆమాత్రం గీతలు పడకుండా ఉంటాయా, అని తల దించుకుంది, భార్య అయితే, పప్పులో ఉప్పు తగ్గిందన్నా ఇంతెత్తున లేచే మనిషి, గీతల మాట రాగానే కిమ్మనకుండా వంటింట్లోకి జారుకుంది, ఆయనకి అర్థమైంది, ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ జాలి పడుతున్నారు, కోప్పడినా బాగుండేది, జాలి పడితే ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియదు, మేస్త్రీ ఇంకా ఏదో అంటున్నాడు, వెలుతురులో చూస్తేగానీ లోతు తెలీదట, బండి బయటికి తీస్తాడట, తీయవయ్యా, తాళం ఇచ్చాడు, మేస్త్రీ తాడిచెట్టంత మనిషి, ఒళ్ళు మడిచి లోపల దూరి, సీటు గరగరా వెనక్కి లాగి, అద్దం ఒక తోపు తోసి, బండి ఎండలోకి తెచ్చి పెట్టాడు, లోతేం లేదు పెద్దాయనా, పైపైవే, రేకు దెబ్బతినలేదు, వేయమంటే రేపు పొద్దున తెచ్చి పెట్టండి, ఇవాళ లోపల చోటు లేదు, అన్నాడు, సరే వేసెయ్యి, అనేశాడు ఈయన, అనేసి, తలారికి తల అప్పజెప్పినవాడిలా బండెక్కాడు.

ఎక్కితే కాలికి క్లచ్చు అందదు, ఇదేం ఖర్మ, పొద్దున ఇరుకు, ఇప్పుడు ఖాళీ, అద్దంలో చూస్తే రోడ్డూ లేదు వెనక సీటూ లేదు, పైకప్పు కనపడుతోంది, అయిపోయింది, ఇక పూర్తిగా పోయింది, అనుకున్నాడు ఒక్క క్షణం, అంతలోనే ఛ, మేస్త్రీ కదా జరిపింది, ఇప్పుడే కదా కళ్ళారా చూశాడు, పొడుగువాడు ఎక్కాడు కాబట్టి సీటు వెనక్కి పోయింది, అద్దం పైకి లేచింది, ఎవరు ఎక్కితే వాళ్ళకి తగ్గట్టు జరుపుకుంటారు, ఏ డ్రైవరైనా చేసే మొదటి పని అదే, ఎవరు ఎక్కితే వాళ్ళు, చెయ్యి అద్దం మీదే ఆగిపోయింది, మరి పొద్దున్న సీటు ముందుకి ఉందంటే, అద్దం కిందికి వంగి ఉందంటే, ఎవరో ఎక్కారు, తనకంటే పొట్టివాళ్ళు ఎక్కారు, ఇంట్లో తనకంటే పొట్టి ఎవరు, పై అరలో డబ్బా అందక స్టూలు వేసుకునేది ఎవరు, మధ్యాహ్నం అన్నం తిని తను పడుకుంటే పక్కలో బాంబు పేలినా లేవడని ఇంటిల్లిపాదికీ తెలుసు కదా, తల దించుకున్నది జాలితో కాదు, వంటింట్లోకి జారుకున్నది జాలితో కాదు, ఓరి దేవుడా, ఓసి నా కోడలా, ఆయనకి నవ్వొచ్చింది, నవ్వుతోపాటు కళ్ళలో నీళ్ళొచ్చాయి, గుండెల మీద నుంచి బస్సు దిగినట్టయింది, అడక్కుండానే, పిలవకుండానే, కట్టెల అడితి, పోస్టాఫీసు తర్వాత కట్టెల అడితి, ముసలమ్మలు బుట్టలతో ఎక్కేది అక్కడే, కట్టెల అడితి, రైలు గేటు, ఆసుపత్రి, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి, కిటికీలోంచి తల బయటపెట్టి, రంగు వద్దులేవయ్యా, అన్నాడు, ఇప్పుడేగా వేయమన్నారు, అని మేస్త్రీ తల గోక్కున్నాడు.

దారంతా ఏం అనాలో అనుకుంటూనే ఉన్నాడు, అరవాలా, అరిస్తే కొడుకు సంగతే మళ్ళీ అవుతుంది, ఇంటికి వచ్చి, చెప్పులు విప్పి, మంచినీళ్ళు తాగి, గ్లాసు దించకుండానే, నిన్న మధ్యాహ్నం మన బండి ఎంతదాకా వెళ్ళింది, అని అడిగాడు, కోడలి చేతిలో మడత పెడుతున్న దుప్పటి జారిపోయింది, భార్యే ముందుకొచ్చింది, దాన్నేం అనకండి, మీకు చెప్పొద్దని నేనే చెప్పాను, తను పనిచేసే ల్యాబు ఊరి ఆ చివరికి మారుతోంది, తెల్లవారుజామున వెళ్ళాలి, డ్రైవింగు స్కూల్లో నేర్చుకుంది, లైసెన్సు కూడా తెచ్చుకుంది, మీకు చెబితే మీరు నేర్పుతానంటారు, మీరు నేర్పితే వచ్చిన నడక కూడా మర్చిపోద్ది, అంది, ఆ మాటకి కోపం రావాలి, రాలేదు, గేటు దగ్గర నిలబడి రా రా అని దారి చూపించేది తనేనట, మహాతల్లి కుడి పక్క నిలబడి ఎడమ పక్కకి దారి చూపిస్తే గీతలు పడక పూలు పడతాయా.

సీటు వెనక్కి నెట్టేదాన్నే మామయ్యా, ఎంత నెట్టాలో తెలిసేది కాదు, అద్దం సంగతి అసలు గుర్తే ఉండేది కాదు, అని కోడలు గోడకేసి చూస్తూ చెబుతోంది, మీరు గీతలు చూడడం చూశాను, చూసి కూడా ఏమీ అనడం లేదంటే, తెలిసే ఊరుకున్నారు, పెద్దమనసుతో ఊరుకున్నారు అనుకున్నాను, ఎంత మంచివారో అనుకున్నాను, అంది, నాకు మతి పోతోందనుకున్నానమ్మా, అన్నాడు ఆయన, పొడుగు డ్రైవరులా అయిపోతున్నానని, పిల్లని వ్యానులో పంపిద్దామని మాట్లాడి కూడా వచ్చానమ్మా, అన్నాడు, అంతే, కోడలు అటునుంచి ఇటు తిరిగింది, ముఖం పాలిపోయింది, అయ్యో మామయ్యా, అంది, భార్య మంచం అంచున కూలబడి, మూగమొద్దులా ఒక్కడివే కూర్చుని ఇన్నాళ్ళూ ఇదా నువ్వు మోసింది, అంది, పెళ్ళయిన కొత్తలో తప్ప మళ్ళీ ఆయన్ని నువ్వు అనలేదు ఆమె, ఆయన, సర్లే, తాళాలు తియ్యమ్మా, ఒక చుట్టు తిరిగొద్దాం, అన్నాడు.

పక్క సీట్లో కూర్చోవడం ఇంత కష్టమని ఎవరూ చెప్పలేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, కాలు దానంతట అదే లేని బ్రేకు తొక్కుతోంది, క్లచ్చు అని నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాడు, బాగానే నడుపుతోంది, మలుపులో కొంచెం తొందర, అది పోతుంది, వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చి గేటు ముందుకి వచ్చేసరికి భార్య యథాప్రకారం కుడి పక్క నిలబడి, రా, రా, ఇంకా బోలెడు చోటుంది, అని చెయ్యి ఊపుతోంది, ఇటు చూస్తే గడియ దగ్గరికి వచ్చేస్తోంది, ఒక్క మాట చాలు, కుడికి, అంటే చాలు, నోరు తెరిచాడు, కొడుకు నడిరోడ్డు మీద బండి దిగి వెళ్ళిపోయిన వీపు గుర్తొచ్చింది, మూసేశాడు, గర్ర్‌మని గీసుకుంది, పళ్ళు జివ్వుమన్నాయి, ఎదురింటి మేడ మీద పావురాలు లేచిపోయాయి, కోడలు బ్రేకు తొక్కి కళ్ళు గట్టిగా మూసుకుంది, ఆయన మాత్రం ఆ చప్పుడే ఇంకా వింటున్నాడు, ఇంత చప్పుడా, చెవిటివాడికి కూడా వినపడే చప్పుడు, స్టీరింగు తన చేతిలో ఉండగా ఇది ఒక్కనాడైనా విన్నాడా, వినలేదు, గీత చప్పుడు లేకుండా పడుతుందా, కళ్ళని అనుమానించాడు, మోకాళ్ళని అనుమానించాడు, మతిని అనుమానించాడు, నువ్వు విన్నావా అని చెవుల్ని ఒక్క మాట అడగలేదు, సారీ మామయ్యా, అంటోంది కోడలు, పర్వాలేదమ్మా, వెనక్కి తీసి మళ్ళీ రా, ఇవన్నీ నువ్వు నేర్చుకున్న గుర్తులు, రంగెందుకు వాటికి, ఉండనీ, అన్నాడు, అరవకుండానే అన్నాడు, బండి మెల్లగా వెనక్కి కదిలింది, రేపు పొద్దున పిల్లని బడిలో దింపేది తనే.