గోతి పక్క ఇల్లు

ఎండు నెత్తళ్ళ తల తుంచి, పొట్ట చీల్చి, లోపలి నల్లటి ముద్ద గిల్లి పారేయడం నాకు పెళ్ళయ్యాక వచ్చిన విద్య. ఏటా వానలు మొదలయ్యేసరికి మా అత్తయ్య పెద్ద అట్టపెట్టె నిండా పంపుతుంది. బాగుచేసినవాటిలో సగం మాకు, మిగతా సగం మళ్ళీ ఆవిడకీ, బావగారింటికీ. ఆ ఆదివారం సాయంత్రం కూడా వంటింటి నేల మీద పేపరు పరుచుకుని ఆ పని మీదే ఉన్నాను. మా ఆయన డొంగ్‌హ్యొక్ సోఫాలో పడుకుని బేస్‌బాల్ చూస్తున్నాడు. మా అమ్మాయి నారే తన గదిలో హోంవర్క్ చేసుకుంటోంది.

"నారే అమ్మా, రేపు నువ్వెళ్ళేది అన్నయ్య సైటుకేగా" అన్నాడు నాతో, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

నా చెయ్యి ఆగింది. ఆ కేసు నాకిచ్చారని నేనింకా ఇంట్లో చెప్పలేదు.

"నీకెవరు చెప్పారు?"

"మీ తక్ మేనేజరూ అన్నయ్యా కలిసి భోంచేశార్లే. నువ్వయితే మన మనిషివి, ఇబ్బంది ఉండదనుకున్నారు. వానకి కూలిందని రాసెయ్. అంతేగా."

కట్టడం పనుల్లో ఏదైనా కూలినా, కాలినా, మునిగినా బీమా కంపెనీవాళ్ళు మా ఆఫీసువాళ్ళని పంపుతారు. వెళ్ళి, అది ఎందుకు జరిగిందో తేల్చి చెప్పాలి. వాన చేసిందా, మనిషి చేశాడా అన్నదే నా ఉద్యోగమంతా; వానయితే బీమా డబ్బొస్తుంది, మనిషి తప్పయితే రాదు. బూసాన్‌లో ఇన్నేళ్ళుగా ఆ పని చేస్తున్నా నాకిచ్చేవి బాత్‌రూముల లీకులు, ఊడిన టైల్సు. పెద్ద పెద్ద పునాది గోతులు మగవాళ్ళకి. అలాంటిది శుక్రవారం తక్ ఒక పెద్ద కేసు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మా బావగారి కంపెనీ తవ్విన గోతిలో రోడ్డు వైపు గోడ కూలింది. సొంతవాళ్ళది, నేను చూడకూడదేమో సార్ అంటే, "ఇంటిపేర్లు వేరు కదండీ, మీ మీద నమ్మకం ఉంది" అన్నాడు. నమ్మకం అన్న మాటకి పొంగిపోయాను. ఇంటికొస్తూ నారేకి వేయించిన చికెన్ కూడా కొన్నాను, ఎందుకో చెప్పకుండా.

మా వైపు పెళ్ళయినా ఆడదాని ఇంటిపేరు మారదు. వాళ్ళు గు వారు, నేను ప్యో సన్‌యొంగ్‌నే. పోయేదాకా నా పేరు నాదే అని లోలోపల చిన్న గర్వం ఉండేది. ఆ సాయంత్రం చూస్తే ఆ పేరు కూడా వాళ్ళకి పనికొచ్చే వస్తువైపోయింది.

"చూశాక గానీ ఏం రాయాలో తెలీదు" అన్నాను.

"నాన్న పోయాక నన్ను చదివించిందెవరో నీకు తెలుసుగా."

అంతే అన్నాడు. గొంతు పెంచలేదు. మా ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. చెయ్యెత్తే మనిషి కాదు, అందరూ మెచ్చుకుంటారు. కోపమొస్తే మాట ఆపేస్తాడు. వారాల తరబడి ఆపేస్తాడు. నేను పెట్టిన కంచం ముందు కూర్చుని, తినేసి, గోడకేసి చూసి లేచిపోతాడు. అప్పుడు నారే ఇంట్లో మునివేళ్ళ మీద నడుస్తుంది. దెబ్బలు తిన్న ఆడవాళ్ళకైనా చూపించడానికి ఏదో ఉంటుంది, నాకేముంది అనిపించేది. ఆ మౌనమంటే నాకు ఎంత భయమో, అది మొదలవకుండా ఉండటానికి ఎన్నిటికి సరేనన్నానో, చెప్పుకుంటే ఎవరూ నమ్మరు.

"సరే" అన్నాను. మళ్ళీ నెత్తళ్ళు చేతిలోకి తీసుకున్నాను.

సైటుకెళ్ళే రోజున నేను పొద్దున్నుంచీ మంచినీళ్ళు తాగను. ఎక్కడా ఆడవాళ్ళకి టాయిలెట్ ఉండదు. ఉన్నచోట తాళం వేసి సిమెంటు బస్తాలు పెట్టుకుంటారు. ఆ రోజు మాత్రం పొద్దున్నే మా అత్తయ్య ఫోన్ చేసి, "నీ బావ పరువు నీ చేతిలో ఉందమ్మా" అని చెబుతూనే ఉంటే, తెలీకుండానే రెండు గ్లాసుల బార్లీ నీళ్ళు తాగేశాను.

గేటు దగ్గర బావగారు ఎదురొచ్చాడు. ఆయన పేరు జేసొప్. మనిషి భారీగా ఉంటాడు, నవ్వు కూడా భారీగానే ఉంటుంది. "రామ్మా రా. ఒరేయ్, మా ఇంటి ఆఫీసరమ్మొచ్చింది, కుర్చీ తుడవండ్రా" అన్నాడు పనివాళ్ళతో. హెల్మెట్ నాకు వదులైంది. "వంటింట్లో గిన్నె బోర్లించుకున్నాననుకో" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే కోపం తెచ్చుకున్నానంటారు.

గొయ్యి చాలా లోతుగా ఉంది. ఇనప మెట్ల మీద దిగుతుంటే పైనున్న ఆకాశం చిన్నదవుతూ వచ్చింది. రోడ్డు వైపు మూల గోడ విరిగి, మట్టి లోపలికి జారి, తారురోడ్డు పెచ్చు గాల్లో వేలాడుతోంది. దాన్ని ఫోటోలు తీశాను. చుట్టూ గోడలు లోపలికి పడకుండా ఈ అంచు నుంచి ఆ అంచుకి అడ్డంగా లావుపాటి ఇనప దూలాలు పెడతారు. పైన రెండు వరసలున్నాయి. కింద ఉండాల్సిన వరస లేదు.

"కింది దూలాలేవి బావగారూ?"

"వస్తున్నాయమ్మా, లారీ ఆలస్యమైంది."

"అవి రాకముందే ఇంత తవ్వేశారా?"

ఆయన వినలేదు, లేదా వినలేదనిపించాడు. నేను ఎదురుగా ఉన్న గోడ దగ్గరికి నడిచాను. పైకి చూస్తే ఆ గోడ అంచునే మూడంతస్తుల పాత ఎర్ర ఇటుకల ఇల్లు కనిపిస్తోంది. మట్టి జారకుండా గోడకి బిగించిన చెక్కల సందుల్లో గోనెసంచులూ పాత దుప్పట్లూ కుక్కి ఉన్నాయి. వాటి మధ్యనుంచి నీళ్ళు కారుతున్నాయి. కింద తెల్లటి సన్నటి ఇసుక పిండిలా కుప్పపడి ఉంది. వాన వెలిసి చాలా రోజులైంది. ఆ ఇసుక మాత్రం తడిగా, కొత్తగా ఉంది.

బావగారు నా వెనకాలకొచ్చి నిలబడ్డాడు. నవ్వు లేదు. "నీ పని ఆ మూల, అమ్మా. ఈ మూల కాదు."

తలూపి మెట్లెక్కేశాను. "పద, పంది ఎముకల పులుసు చెప్పాను, చల్లారిపోతుంది" అన్నాడాయన. ఇప్పుడే వస్తానన్నాను. పొద్దున తాగిన నీళ్ళకి నాకు అప్పటికే పొత్తికడుపు బిగదీసుకుపోతోంది. రోడ్డు చుట్టి ఆ ఎర్ర ఇంటి ముందుకొచ్చాను. కింద బట్టలు సరిచేసే చిన్న దుకాణం ఉంది. ఒక పెద్దావిడ కుట్టుమిషను ముందు కూర్చుని ప్యాంటు అంచు మడతేస్తోంది. టాయిలెట్ వాడుకోవచ్చా అని అడిగాను.

"వెళ్ళమ్మా. తలుపు మూసుకోదు, చేత్తో పట్టుకుని కూర్చో" అంది.

"ఎప్పట్నుంచి మూసుకోవట్లేదు?"

"ఈ మధ్యనే. వడ్రంగి వచ్చి చెక్క ఉబ్బిందని చెక్కిపోయాడు. మళ్ళీ పట్టేసింది. గోడ పగిలిందంటే గోతివాళ్ళొచ్చి సిమెంటు పూసి, ఒక పుచ్చకాయ చేతిలో పెట్టి వెళ్ళారు. మర్యాదస్తులే."

లోపల తలుపు పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు వినపడింది. నా కాళ్ళ కింద, టైల్సు అడుగున, బస్తాలోంచి బియ్యం వంపినట్టు సన్నటి చప్పుడు. ఆగింది. మళ్ళీ వచ్చింది. నేల మీద అరచెయ్యి ఆనించాను. గోడకీ నేలకీ మధ్య వేలు పట్టేంత సందు, అందులోంచి చల్లటి గాలి. కింద నేల లేదు. ఇల్లంతా ఖాళీ మీద నిలబడి ఉంది, నేను దాని మీద కూర్చుని ఉన్నాను. వచ్చిన పని కూడా కాలేదు.

నేనెప్పుడూ అంతా అయిపోయాక వెళ్ళే మనిషిని. నేను వెళ్ళేసరికి దుమ్ము సర్దుకుని ఉంటుంది, ఏడవాల్సినవాళ్ళు ఏడ్చేసి ఉంటారు, మిగిలింది కొలవడమే. ముందే వెళ్ళడం ఇదే మొదటిసారి. ముందు వెళ్ళినవాళ్ళు ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు.

బయటికొచ్చి తక్‌కి ఫోన్ చేశాను. అంతా విని, "ప్యో గారూ, మనల్ని అడిగింది కూలిన మూల గురించి. కూలనిదాని సంగతి మనకెందుకు?" అన్నాడు.

"ఇందులో మనుషులున్నారు సార్."

"మీరు కంగారుపడుతున్నారు. ఏడవకండి. అందుకే పెద్ద కేసులు ఆడవాళ్ళకి ఇవ్వాలంటే ఆలోచిస్తాం."

నేను ఏడవట్లేదు. ఫోన్ పెట్టేశాను. నేను అందరికీ చెప్పాక ఆ ఇల్లు కూలకపోతే? ఉద్యోగం పోతుంది, అత్తయ్య గడప తొక్కనివ్వదు, మా ఆయన ఈసారి ఎన్ని నెలలు మాట్లాడడో. నారే మునివేళ్ళ మీద నడుస్తుంది. కూలితే? ఆ ఆలోచన చివరిదాకా పోలేదు. బావగారి దగ్గర్నుంచి ఫోన్ మోగుతోంది, పులుసు చల్లారుతోందని కాబోలు. అది ఆగేదాకా ఆగి, అగ్నిమాపకవాళ్ళ నంబరు నూటపంతొమ్మిదికి కలిపాను.

"కూలిందా అండీ?" అంది అవతలి గొంతు.

"ఇంకా లేదు."

"మీరెవరు?"

పేరు చెప్పాను, నా పని చెప్పాను. పెద్దావిడ దగ్గరికెళ్ళి పైన ఎవరున్నారని అడిగాను. రెండో అంతస్తులో ఒక పచ్చి బాలింత, మూడోదాంట్లో నైట్ షిఫ్టుకెళ్ళే వియత్నాం అబ్బాయిలు, ఇప్పుడు నిద్రలో ఉంటారు. ఆవిడ పేరు బొంగ్‌న్యో అట. "ఇస్త్రీపెట్టె వేడిగా ఉంది, దాన్నొదిలి ఎలా రాను" అంటుంటే ప్లగ్గు పీకేసి, చెయ్యి పట్టుకుని రోడ్డు అవతలికి తీసుకెళ్ళి నిలబెట్టాను. మళ్ళీ లోపలికి వెళ్ళాలి. గుమ్మం దగ్గర కాళ్ళు కదల్లేదు. ఎలా కదిలాయో నాకిప్పటికీ తెలీదు. గోడ తగలకుండా మెట్ల మధ్యలో నడిచాను, అదేదో నన్ను కాపాడుతుందన్నట్టు.

అబ్బాయిలు తొందరగానే దిగిపోయారు, చెప్పులు చేత్తో పట్టుకుని. బాలింత మాత్రం గొలుసు తీయకుండా తలుపు సందులోంచి చూసింది.

"ఇల్లు ఖాళీ చేయించమని ఆ గోతివాళ్ళే పంపారు కదూ నిన్ను? పోయినసారి ఇద్దరు మగాళ్ళొచ్చారు. ఇప్పుడు ఆడదాన్ని పంపారన్నమాట."

"వాళ్ళు పంపలేదు. కానీ నేను వాళ్ళ మనిషినే. ఆ గొయ్యి తవ్వుతున్నది మా బావగారు. అందుకే నా మాట నమ్ము."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. భయం దాచుకునే ఓపిక నాకు లేదు, అదే చూసినట్టుంది. గొలుసు తీసి, పసిగుడ్డుని దుప్పట్లో చుట్టుకుని, వట్టి కాళ్ళతో నా వెనకే దిగింది.

అగ్నిమాపకవాళ్ళు వచ్చి తాడు కట్టేసరికి బావగారు కూడా వచ్చాడు. అందరి ముందూ, "నువ్వు మా ఇంటి కోడలివేనా?" అన్నాడు. మెల్లగా అన్నాడు, అన్నదమ్ములిద్దరిదీ ఒకటే గొంతు. ఇల్లు మాత్రం కదలకుండా నిలబడి ఉంది. సాయంత్రం కావొస్తోంది. జనం విసుక్కున్నారు. ఒకాయన, "ఎవరో ఆడమనిషికి తల తిరిగిందట" అని నవ్వాడు. పసిబిడ్డ ఏడుస్తోంది, తల్లి పేవ్‌మెంటు మీద కూర్చుని ఎండకి చెయ్యి అడ్డం పెడుతోంది. ఆ కాసేపూ నేను ఒక పాపిష్టి కోరిక కోరాను. కూలాలని కోరాను. బొంగ్‌న్యో గారి మిషనూ, ఆ పసిదాని ఉయ్యాలా అందులో ఉన్నాయని తెలిసీ కోరాను.

పొద్దు వాలుతుండగా దుకాణం బోర్డు ఒక పక్కకి వాలింది. తర్వాత ఆ మూల మొత్తం, ముసలిమనిషి మోకాళ్ళ మీద కూర్చున్నట్టు, మెల్లగా కిందికి దిగి గోతిలోకి వంగింది. చప్పుడు తర్వాత వచ్చింది, దుమ్ము ఇంకా తర్వాత. నా పక్కన బొంగ్‌న్యో గారు, "నా కత్తెర లోపలే ఉండిపోయింది" అంది, ఎవరితోనో కాదు.

ఇంటికెళ్ళేసరికి మౌనం ఎదురొస్తుందనుకున్నాను. కానీ మా ఆయన గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా భుజాలు పట్టుకున్నాడు, ఎన్నాళ్ళకో.

"నువ్వు అందులోకి వెళ్ళావటగా. ఎందుకెళ్ళావు? నీకేమైనా అయ్యుంటే నేనూ నారే ఏమైపోవాలి?"

"టాయిలెట్ కోసం వెళ్ళాను."

"నిన్ననే చెబుదామనుకున్నా, ఆ ఇంటి ఛాయలకి పోవద్దని. అది నిలవదని అన్నయ్య చెప్పాడు నాకు. నువ్వు గోతి వరకే చూసి వచ్చేస్తావు కదా, ఊరికే నిన్ను భయపెట్టడమెందుకని ఊరుకున్నాను."

ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమ నిజమే. అందులో అబద్ధమేమీ లేదు. నా భుజాల మీద ఆ చేతులు అలాగే ఉన్నాయి. పసిగుడ్డుని ఎత్తుకుని వట్టి కాళ్ళతో మెట్లు దిగిన ఆ పిల్ల గుర్తొచ్చింది. ఈయన నిన్న సాయంత్రం ఆట మొత్తం చూశాడు. అన్నం తిన్నాడు. హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు పోలీసు స్టేషనుకి రమ్మన్నారు. తనే కారులో తీసుకెళ్తానన్నాడు. దారిలో, "చూసింది చెప్పు చాలు, విన్నవి అక్కర్లేదు" అన్నాడు. సరేనన్నాను. అలవాటుగా వచ్చేసింది ఆ మాట.

లోపల నా ఎదురుగా కూర్చున్న అధికారి కుర్రవాడు, మర్యాదగా ఉన్నాడు. జరిగిందంతా చెప్పించుకున్నాక, "ఆ ఇల్లు కూలుతుందని ముందే తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అండీ?" అని అడిగాడు. బావగారి పేరు చెప్పాను. రాసుకున్నాడు.

"ఇంకెవరైనా?"

గాజు తలుపులోంచి వరండా కనిపిస్తోంది.

"ఇంకొకరున్నారు" అన్నాను. "బయట బెంచీ మీద కూర్చున్నారు చూడండి, ఒళ్ళో నా హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని. ఆయన."