పెట్టె నిండితే నష్టం

సకల జనుల సమ్మె రోజులు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్‌రోడ్డు ఎంత సప్పుడు లేకుండ పడి ఉండేదంటే, సాయిబాబా గుడి కాడ చీమ తుమ్మితే ఎల్బీనగర్ చౌరస్తాల ఉన్న కానిస్టేబుల్ "చల్లగుండు బిడ్డా" అనేటోడు. నమ్మకుంటే పోయి ఆయన్నే అడగండి, రిటైరై మీర్‌పేట్‌ల ఇల్లు కట్టుకున్నడు. బస్సులు డిపోలల్ల నిద్రపోతున్నయ్. బడులు బంద్, ఆఫీసులు బంద్. దుకాణాలు మాత్రం సగమే బంద్. ఉద్యమపోళ్ల జులూస్ వస్తే షట్టర్ కిందికి, జులూస్ పోతే నడుం దాక పైకి. చీర కావాలన్నా చెంబు కావాలన్నా వంగి దూరాల్సిందే. మా బజారుకొచ్చిన ఆడోళ్లకు ఆ నెల పట్టిన నడుం నొప్పులు కొందరికి ఇంకా పోలేదు.

మా బావ రామస్వామిది పోచంపల్లి చీరల దుకాణం. బావ అంటే నా చెల్లె మల్లమ్మ పెనిమిటి. నేను అంతయ్యను. ఊళ్లె ఐదో తరగతి చదివి, కొన్నేండ్లు మగ్గం నేసి, మోకాళ్లు సహకరించక పట్నమొచ్చిన. బావ నన్ను తీసుకపోయి గల్లా పెట్టె ముంగట కూసోబెట్టిండు. వచ్చిన పైసలు లోపలేసుడు, అడిగినోళ్లకు తీసిచ్చుడు, ఎవ్వరూ లేనప్పుడు కతలు చెప్పుడు. నా నౌకరీ అంత గిదే.

ఆ నెలల ఒక విచిత్రం జరిగింది. అమ్మకాలు లేవు. చీరలు తెచ్చే బస్సులు లేవు. అల్మారలు బోసిపోయినయ్. పెట్టె మాత్రం మూత పడుతలేదు. రెండు లక్షలు! అట్ల నిండిన పెట్టెను నేను ఎన్నడూ చూడలేదు. రామస్వామి పొద్దుకోసారి మూత తీసి చూసి, దండం పెట్టి మూసేటోడు.

"అమ్మవారి దయ బావా," అనేటోడు నాతోటి. "బంద్‌ల గూడ మనల్ని చల్లగ చూసింది."

ఆ దయ తోటి ఆయనకొక ఆలోచన వచ్చింది. మా పక్క కొట్టు, మేం ములిగి అంటం, బాపిరాజుది, స్టీలు సామాన్ల దుకాణం. భీమవరం దిక్కు మనిషి, మంచోడు. ధందా పడిపోయిందని కూకట్‌పల్లి పోయి తమ్ముని పక్కన దుకాణం పెట్టుకుంటనంటున్నడు. ఆ ములిగి మనమే తీసుకుంటే, మధ్య గోడ కొట్టేస్తే, రోడ్డు మీద మనంత దుకాణం ఉండదని రామస్వామి లెక్క. ములిగి చేతికిచ్చేటందుకు ముందే కట్టే పగిడీ ఐదు లక్షలు. రెండు పెట్టెల ఉన్నయ్, మూడు బ్యాంకు ఇస్తదన్నడు.

"ఏవండీ అంతయ్యగారూ, తెలంగాణ వచ్చేస్తే నన్ను ఇక్కడ ఉండనిస్తారా అసలు?" అని బాపిరాజు రోజూ నన్ను అడిగేటోడు.

"ఎందుకుండనియ్యం? నీ చెంబుల మీద పాస్‌పోర్టు ముద్రలు కొట్టి మరీ ఉండనిస్తం," అనేటోన్ని నేను. ఆయన నవ్వి నాకు చాయ్ తాపేటోడు. ఆ చాయ్ పోతదనే నాకు ఆ ములిగి బేరం నచ్చలేదు. వేరే కారణం అప్పటికి నాకు తెల్వదు.

బ్యాంకు మేనేజరు పైసలిస్తనన్నడు గని క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ తెమ్మన్నడు. రామస్వామికి కోపమొచ్చింది. "పైసలు పెట్టెల కనపడుతున్నయ్ గద! దానికి కాయితమెందుకు?" అన్నడు. కాని ఆయన బిడ్డ అరుణశ్రీ చైతన్యపురిల సీఏ కోచింగ్‌కు పోతది. సమ్మెకు కోచింగ్ గూడ బంద్. గందుకని ఆ పని ఆ పిల్ల మీద పడ్డది.

పొద్దున్నుంచి బిల్లు బుక్కులు ముంగటేసుకొని కూసున్నది. మధ్యాహ్నానికి నా దిక్కు చూసి, "మామా, పెట్టెల మైనస్ పదివేలుండాలె," అన్నది.

నేను మూత తీసి చూసిన. "ఉండొచ్చు బిడ్డా. నోట్ల కింద అడుగున పడ్డదేమో."

"జోక్ కాదు మామా! జర విను. నెల మొదట్ల పెట్టెల పదిహేను వేలున్నయ్. దుకాణం కిరాయి, కరెంటు, అన్నీ పోంగ ఈ నెల ధందాల ఇరవై ఐదు వేలు నష్టం. పదిహేనులకెళ్లి ఇరవై ఐదు పోతే?"

"పోదు."

"అదే నేను అనేది. పోదు గని రెండు లక్షలున్నయ్. యాడికెళ్లి వచ్చినయ్?"

"అసలీ స్టేట్‌మెంట్ అంటే ఏందే?"

"మొదట్ల ఎంతుండె, ఎంతొచ్చింది, ఎంత పోయింది, ఆఖర్న ఎంత మిగిలింది. గంతే."

"గంతేనా? గిది మా అవ్వ కొంగు ముడిల చెప్పేది."

"అయితే నువ్వే చెప్పు, ఎంతొచ్చిందో ఎట్లొచ్చిందో."

పైసలు లోపలేసింది నా చేతులే, ఎందుకేసినయో చేతులకు గుర్తులేదు. సద్ది తెచ్చిన మల్లమ్మ ఇదంత విన్నది. "మీ నాయిన నాకు తెల్వకుండ చిట్టీ ఎత్తిండేమో అడుగు," అని గిన్నె గట్టిగ పెట్టి పోయింది. ఇంక ఆ ఇంట్ల రాత్రి ఇంకో పంచాయితీ ఖాయమైంది.

అరుణశ్రీ విసుక్కుంట లేచి నిలబడ్డది. గల్లా మీద ఏలాడుతున్న తాడు ఆమె మొకానికి తాకింది. దాని సంగతి చెప్పాలె. దుకాణంల నచ్చిన చీర లేకుంటే గిరాకీలు పైసలు కట్టి, ఫలానా రంగు కావాలని చెప్పి పోతరు. రామస్వామి ఊళ్లె నేసేటోళ్లకు ఫోన్‌ల చెప్పి, ఆ రంగు పట్టుపోగు తీసి, పేరు రాసిన చీటీ చుట్టి, తాడుకు ముడేస్తడు. చీర వచ్చి, గిరాకీ తీసుకపోయిన నాడు ముడి విప్పుతడు, అప్పుడే బిల్లు రాస్తడు. చిన్ననాటి నుంచి పోగులకు చిటికి కట్టి, రంగులద్దిన చేతులు గద. కలం కంటె ముడి మీదనే నమ్మకమెక్కువ.

మామూలుగ తాడుకు మూడో నాలుగో ముళ్లుండేవి. ఆ నాడు తాడు దసరా తోరణం లెక్క ఉన్నది. పెండ్లిళ్ల కాలం ముంగటున్నది, పట్టు ధర పెరుగుతదని పుకారున్నది. గందుకని అందరూ పూరా పైసలు ముందే కట్టి పోయిన్రు.

అరుణశ్రీ ముళ్లు లెక్క పెట్టింది. ముప్పై. ముడికి ఏడువేలు.

"రెండు లక్షల పదివేలు!" అని అరిచింది. "మైనస్ పదివేలకు ఇది కలిపితే రెండు లక్షలు. కలిసింది మామా, కలిసింది!"

"సంతోషం. అంటే లాభమేనా?"

"నష్టం."

"పెట్టె నిండింది గద?"

"నిండింది."

"నిండితే నష్టమా?"

"అవును మామా. ఇవి మనం అమ్మిన చీరల పైసలు కావు. మనం ఇయ్యాల్సిన చీరల పైసలు. ఆ చీరలు లచ్చవ్వ కాడ ఉన్నయ్. ఆమెకు కూలి ఇయ్యాలె. పట్టు సేటుకు లక్ష ఇయ్యాలె. నాయిన ఈ రెండు లక్షలు తీసుకపోయి బాపిరాజు అంకుల్‌కు ఇస్తే, లచ్చవ్వ వచ్చిన నాడు ఏం పెడ్తవ్ ఆమె చేతుల?"

అప్పుడు నాకు అసలు సంగతి ఎక్కింది. పిల్ల లచ్చవ్వ అని పిలిచే లచ్చమ్మ అంటే ఒక్క మనిషి కాదు, మా ఊళ్లె ఎనిమిది మగ్గాల మాట. మేమిచ్చిన పట్టుతోటి నేసి తెస్తది. కూలి చేతుల పడకుంటే చీరల మూట నెత్తిన పెట్టుకొని ఇంకో సావుకారి గడపెక్కుతది. ముప్పై ఇండ్లల్ల పెండ్లికూతుళ్లు వచ్చి మా షట్టర్ మీద కొడతరు.

సాయంత్రం రామస్వామి వచ్చిండు. బిడ్డ కాయితం ముంగట పెట్టి రెండుసార్లు చెప్పింది. ఆయన రెండుసార్లు తలూపిండు. ఆఖరుకు, "పైసలు వచ్చినయ్ అంటే అమ్మినట్టే గద బిడ్డా?" అన్నడు.

ఇట్ల కాదని నేను అందుకున్న. "బావా, మా తాత కాలంల ఒకసారి మూసీ పొంగింది. ఊరోళ్లంత బర్లను తెచ్చి మిట్ట మీదున్న మా దొడ్లె కట్టేసి పోయిన్రు. నాలుగు వందల బర్లు. అవి ఒక్కసారి తోకలూపితే మా ఇంటి పెంకులు లేచిపోయేవి. తెల్లారి తాత లేచి చూసిండు. నేను దొరనైపోయిననుకొని, మా మేనత్త పెండ్లికి ఏనుగును బేరం చేసి వచ్చిండు. నీళ్లు దిగినంక ఎవలి బర్రెను వాళ్లు ఇప్పుకపోయిన్రు. ఏనుగోడు మాత్రం పైసలకు గడపల కూసున్నడు. ఇప్పుడు చెప్పు, నీ పెట్టెల ఉన్న బర్లు ఎవలియి?"

రామస్వామి పెట్టె మూత జరంత ఎత్తి లోపలికి చూసిండు. "గన్ని రోజులు పాలు ఎవలు పిండుకున్నరు బావా?" అన్నడు.

అరుణశ్రీ నెత్తి పట్టుకున్నది. నా కత నా మీదికే తిరిగింది. నిజమే, పాలెవలు పిండిన్రు? నాకూ తెల్వదు.

అంతలనే పక్క దుకాణంల టీవీ గట్టిగ మొత్తుకున్నది. ఆర్టీసీ సమ్మె అయిపోయింది, తెల్లారి నుంచి బస్సులు నడుస్తయ్. బాపిరాజు షట్టర్ కిందికెళ్లి తలకాయ పెట్టి, "రామస్వామిగారూ, రేపు పదింటికల్లా అడ్వాన్సు ఇచ్చేస్తే లారీ మాట్లాడుకుంటానండీ," అన్నడు.

"ఇస్త. పది కొట్టకముందే ఇస్త," అన్నడు రామస్వామి.

"నాయినా, లచ్చవ్వ కూలి?"

"చీర చేతుల పడ్డప్పుడు సూద్దం బిడ్డా. పడకముందే కూలి ముచ్చటెందుకు?"

ఇది ఆయన మొండితనం కాదు. మా నేతోళ్లందరి పద్ధతే గంత. చీర సావుకారి చేతుల పెట్టిందాక నేసినోడు కూలి అడగడు, సావుకారి బాకీ అనుకోడు. మగ్గం మీద ఏమైతదో ఎవలికెరుక? బస్సులున్నప్పుడు చీరలు వారం వారం వచ్చేవి, కూలి వారం వారం పోయేది. ఆ పద్ధతితోటి ఎవ్వరికీ నష్టం రాలేదు. బస్సులు ఆగినంక చీరలు ఊళ్లె ఆగినయ్, పైసలు పట్నంల ఆగినయ్. మా బావ మాత్రం పద్ధతి కాడనే ఆగిండు.

అరుణశ్రీ ఆ మాట విన్నది. నా దిక్కు చూసింది, కాయితం మడిచి సంచిల పెట్టింది. "సరే నాయినా. చేతుల పడ్డప్పుడే సూద్దం," అని ఫోన్ పట్టుకొని బయటికి పోయింది.

తెల్లారి తొమ్మిదిన్నరకు రామస్వామి కొత్త అంగీ తొడుక్కొని వచ్చిండు. రెండు లక్షలు రుమాల్ల కట్టిండు. బాపిరాజు వచ్చి కుర్చీల కూసున్నడు. నేను ఒక కత మొదలువెడ్దమనుకున్న గని, రాత్రి నుంచి నా బుర్ర నిండ బర్లే ఉన్నయ్. రామస్వామి రుమాలు ముంగటికి చాపిండు.

అప్పుడే షట్టర్ కిందికెళ్లి ముందుగాల ఒక మూట దూరింది, దానెంక లచ్చమ్మ దూరింది.

"ఏంది రామస్వామీ, నన్ను మొక్కించుకుంటానికి పెట్టినవా గీ రేకు? పైకెత్తు! మొదటి బస్సు పట్టుకొని ఎల్బీనగర్‌ల దిగిన. నీ బిడ్డ ఫోన్ మీద ఫోన్ చేయవట్టె, ఉన్న చీరలన్నీ తేవాలె లచ్చవ్వా అని."

"సమ్మెల గూడ నేసిన్రా?" అన్నడు రామస్వామి.

"మగ్గం సమ్మె చేస్తే కడుపు ఊకుంటదా? మా ఎనిమిదిండ్లోళ్లు దసరాకే కొత్త బట్ట కట్టలేదు. దీపావళికన్న కడ్తమని నా ముఖం చూస్తున్నరు. చేతులు పట్టు!"

ఆయన రుమాలు గల్లా మీద పెట్టి రెండు చేతులు పట్టిండు. లచ్చమ్మ ఒక్కొక్క చీర తీసి ఆ చేతులల్ల పెట్టుకుంట పోయింది. ఎరుపు, ఆవపువ్వు పసుపు, నెమలి మెడ రంగు. అరుణశ్రీ తాడు మీద ఆ రంగు ముడి పట్టుకొని చూపించుకుంట పోయింది. చీరలు ఆయన గడ్డం దాక వచ్చినయ్. చీరలెనుక ఆయన మొకం నాకు కనపడలేదు.

చీరల చాటు నుంచి ఆయన గొంతు వినపడ్డది. "బాపిరాజు, ఏమనుకోకు."

కూలి డెబ్బై ఐదు వేలు లచ్చమ్మ కొంగుల పడ్డయ్. సేటు మనిషి వచ్చి లక్ష తీసుకపోయిండు. రెండు రోజులల్ల ముప్పై ఇండ్లోళ్లు వచ్చి చీరలు తీసుకపోయిన్రు. వచ్చినోళ్లు పక్క దుకాణంల పెండ్లి బిందెలు, పళ్లేలు గూడ కొన్నరు. "లారీ సంగతి సంక్రాంతి తర్వాత చూద్దాం లెండి," అన్నడు బాపిరాజు, నాకు చాయ్ తెప్పించుకుంట.

ఆఖరు ముడి విప్పినంక అరుణశ్రీ మళ్లొక కాయితం రాసింది. "నాయినా, ఈ ముప్పై చీరల మీద ముప్పై ఐదు వేలు లాభం!"

రామస్వామి పెట్టె మూత తీసి లోపలికి వంగి చూసిండు. చేయి పెట్టి మూలలు తడిమిండు. అడుగున జరంత సొమ్మే మిగిలింది. తల పైకెత్తి బిడ్డను చూసిండు, నన్ను చూసిండు.

"నిండినప్పుడు నష్టమంటిరి," అన్నడు. "ఖాళీ అయినంక లాభమంటున్నరు. బావా, నీకు దండం పెడ్త, ఆ బర్ల కత మళ్లొకసారి మొదటికెళ్లి చెప్పు."