జారిపోయిన ప్లేటు

బొమ్మరైళ్ల ప్రదర్శనకు బయటి తిండి తేనివ్వరు. అందుకే క్యాంటీన్ యజమాని నిన్నటి కోడిమాంసానికి పాడైన వాసన తెలియకుండా నిమ్మరసం పట్టించి, రెట్టింపు ధరకు అమ్మిస్తున్నాడు. వడ్డించే కొత్త పెళ్లికూతురికి ఆ సంగతి తెలుసు.

ప్రదర్శనలో పెట్టిన తన బొమ్మరైలును వదిలి ఆమె మొగుడే వచ్చాడు. "ఆకలేస్తోందే. నీ చేత్తో ఓ ప్లేటు పెట్టు."

"ఇంత ధర పెట్టి ఎందుకండీ? ఇంటికెళ్లి తిందురుగాని."

"పిసినారి పెళ్లాం దొరికిందండీ నాకు!" అని యజమానితో నవ్వాడు.

యజమాని ముందు నోరు విప్పితే ఉద్యోగం ఊడుతుంది. ఆమె ప్లేటు అందిస్తున్నట్టే అందించి జారవిడిచింది. యజమాని ముక్కలేరి, తుడిచి, మళ్లీ గిన్నెలో వేశాడు. అది చూసి మొగుడికి ఆకలి చచ్చింది, వెళ్లిపోయాడు.

అంతలో ఓ ముసలాయన వచ్చాడు. "వేడిగా ఉందా అమ్మా?"

"వేడిగానే ఉంది తాతయ్యా."

"అయితే మా ఆవిడక్కూడా ఇయ్యి."

ఆమె రెండు ప్లేట్లూ జారకుండా అందించింది.